పదిహేడో రీలు

ఒక పాత తెలుగు సినిమామీద హైమవతి రాసిన వ్యాసం సావనీరుకు ఎక్కలేదు. భిలాయి ఉక్కు నగరంలోని ఆంధ్ర సంఘం కార్యదర్శి సురేంద్రనాథ్ దానిమీద ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడు: "ముగింపు తప్పు. నాయిక విమానం నడపడం మానేసి పెళ్ళి చేసుకుంటుంది. ఇది భిలాయిలో అందరికీ తెలుసు."

ముప్పై నాలుగేళ్ళు పాఠశాల గ్రంథాలయాన్ని నడిపిన మనిషి ఆమె. రిసాలి నుంచి ఆటో ఎక్కి, స్మృతి నగర్‌లో అతని గుమ్మం ముందు దిగింది.

"ఈ చిత్రాన్ని విజయనగరంలో రెండుసార్లు చూశాను. పెళ్ళి తరువాత ఇంకొక రీలు ఉంది, పదిహేడోది."

"ఏటి మేడంగారూ, మేం సూసినోలం కాదేటి? ఆదివారం పొద్దుటాట, క్లబ్బులో, మా నాన్న ఒళ్ళో కూకొని సూసేను. తాళి కట్టగానే లైట్లు ఎలిగీవి."

"ఎల్లుండి సంఘం వేసే ఈ చిత్రాన్ని చివరిదాకా నడపండి. నాది తప్పయితే వేదికమీద క్షమాపణ చెబుతాను. కాకపోతే ఒక్క అక్షరం మార్చకుండా వ్యాసం అచ్చు వేయాలి."

"పక్కా!" అని నవ్వాడతను.

ఆదివారం హాలు నిండిపోయింది. తెరమీద నాయిక తన పైలట్ టోపీని వరుడి చేతికిచ్చి పీటలమీద కూర్చుంది. తాళి కట్టడమే తరువాయి, పాత అలవాటుకొద్దీ సగంమంది లేచి చెప్పులు వెతుక్కోసాగారు.

"కూర్చోండి," అంది హైమవతి, గ్రంథాలయంలో వాడిన గొంతుతోనే.

కూర్చున్నారు.

పెళ్ళిపందిట్లో ఫోను మోగింది. వరద ముంచిన ఊరికి మందులు చేర్చాలి, విమానం నడిపేవారు లేరు. వైర్‌లెస్ ఆపరేటరైన ఆ వరుడే వధువు తలమీద, పూలజడకు పైన, టోపీ పెట్టాడు. తుఫానులో అతని గొంతే దారి చూపగా, మధుపర్కాలతోనే ఆమె విమానాన్ని సురక్షితంగా దించింది.

హాలు ఈలలతో దద్దరిల్లింది.

"ఓలమ్మా!" అంది ముందు వరుసలోని ముసలి జోగమ్మ. "పేక్టరీలో రెండు గంటల షిఫ్టుకి ఆలీసమైపోద్దని మెషినోడు ఆడికే బొమ్మ ఆపీసీవోడు. మా ఆయన సైకిలెక్కి పరిగెట్టీవోడు. ఆ పిల్ల ఎగరడం మానీసిందని నా కూతుళ్ళకి బతుకంతా సెప్పేనే! ఏటి సురేందరూ, ఇంకా కూతావేటి?"

సురేంద్రనాథ్ చేతులు జోడించాడు. "ఓడిపోయేను మేడంగారూ. యాసం ఇలా ఇచ్చీండి."

హైమవతి సంచిలోంచి అతను తిప్పి పంపిన కాగితాలనే తీసి ఇచ్చింది. "ఒక్క అక్షరమూ మార్చకూడదన్నాను. మీ ఎర్ర అక్షరాలు కూడా అచ్చుకెక్కాలి."

"భయ్యా, ఆ ఆఖరి రీలు మళ్ళీ ఎయ్యి!" అని జోగమ్మ ప్రొజెక్టరు కుర్రాడికి కేక పెట్టింది.

వేశారు. ఈసారి ఎవ్వరూ చెప్పులు వెతుక్కోలేదు.