పన్నెండు వాక్యాలు

నలభై మూడో పేజీ కొట్టి సత్యలక్ష్మి వేళ్ళు విరుచుకుంది. భిలాయిలో ఆ ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ పెట్టినప్పటి నుంచీ ఆమే టైపిస్టు. ఛత్తీస్‌గఢ్ వేరుపడ్డ ఆరేళ్ళకి కాలేజీవాళ్ళు కొత్త పద్ధతి తెచ్చారు. నలుగురేసి పిల్లలు కలిసి ప్రాజెక్టు చేస్తూ, తమలో తాము చర్చించుకున్నదంతా నోటుపుస్తకంలో రాయాలి. దాన్ని ఆమె పొల్లుపోకుండా కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ఒక ప్రోగ్రాము ఆ మాటలన్నీ జల్లెడపట్టి, ఎవరెంత రాశారో, ఎంత కలిసి పనిచేశారో తేల్చి మార్కులు వేస్తుంది.

పోయిన వారం ఆ ప్రోగ్రాము మెర్లిన్‌ని ఫెయిలు చేసింది. మెర్లిన్, ఊరి బయట నందిని సున్నపురాయి గనుల్లో పనిచేసే ఒకాయన కూతురు. ఇంగ్లీషు అంతంతమాత్రం. వాళ్ళ జట్టుది మురుగుకాలువ ప్రాజెక్టు. మిగతా ముగ్గురూ పేజీలు నింపితే ఆమె రాసింది పన్నెండు వాక్యాలు. అన్నీ ప్రశ్నలే. కానీ వానాకాలంలో ఈ నీళ్ళు ఎటు పోతాయని ఆమె అడిగాకే ఆ ముగ్గురూ కాలువ వాలు మొదటినుంచీ మార్చి గీశారు. ఆఫీసులో ఆ సంగతి తెలిసింది, పుస్తకమంతా కొట్టిన సత్యలక్ష్మి ఒక్కతెకే.

పొద్దున ధైర్యం చేసి, మార్కులు చూసే శ్యామసుందర్ సారుకి చెప్పింది. ఆయన కోప్పడలేదు. మెషీన్‌కి ఎవరూ చుట్టాలు కారన్నారు. మనుషులు దిద్దితే పక్షపాతమంటారనే దాన్ని తెచ్చామన్నారు.

"ఆ పుస్తకం మీరోపాలి చదవండి సార్."

"అరవై పుస్తకాలు సత్యలక్ష్మిగారూ. ఎవరు చదువుతారు?"

"నాను చదివినానండి."

ఆయన నవ్వి, మరో ఫైలు తెరుచుకున్నారు.

మధ్యాహ్నం ప్రిన్సిపాలుకి అర్జీ పెడదామని కూర్చుంది. ఒకప్పుడు దుర్గ్ కోర్టు బయట వేల అర్జీలు కొట్టిన చేతులవి. భర్త పోయినప్పుడు స్టీలు ప్లాంటుకి పెట్టిన దరఖాస్తు కూడా ఎవరో చెబుతుంటే కొట్టిందే. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. 'గౌరవనీయులైన' అన్నాక ఇంకో మాట దొరకలేదు. గంటసేపు తెరకేసి చూసి, ఉన్న ఆ ఒక్క మాటా చెరిపేసింది.

నాలుగింటికి మెర్లిన్ టీసీ కోసం వచ్చింది. ప్రాజెక్టు తప్పితే ఫీజు మాఫీ పోతుంది. మాఫీ లేకపోతే ఆ ఇంట్లో చదువు లేదు. టీసీ కొట్టాల్సిందీ సత్యలక్ష్మే.

కాగితం అందుకుని మెర్లిన్ నిదానంగా చదువుకుంది. "స్వంత కారణాలని ఉందేటాంటీ?"

"అలాగే కొట్టమన్నారమ్మా."

ఆ పిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. రిజిస్టర్లో సంతకం పెట్టి, సుపేలా వైపు పోయే ఆటో వెళ్ళిపోతుందని గబగబా మెట్లు దిగింది.

రిజిస్టరు మూయబోతే మూతపడలేదు. మధ్యలో ఆ పిల్ల పెన్ను ఉండిపోయింది. నీలం మూత నిండా పంటిగాట్లు, కొస నమిలి నమిలి తెల్లబారి ఉంది.