మెడ దగ్గర అతుకు

షరీఫుద్దీన్ సైకిలు ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని, దాని మెడ దగ్గర స్పానరుతో మెల్లగా కొట్టి విన్నాడు. మళ్ళీ కొట్టాడు. లోపల తుప్పు తినేసిన గొట్టమైతే శబ్దం బొంగురుగా వస్తుంది. ఇది ఖంగుమంటోంది. అయినా అతని మనసు కుదుటపడలేదు. పొద్దున్నుంచీ ఇదే పని.

చోడవరంలో చీడికాడ వెళ్ళే రోడ్డు మొదట్లో అతని సైకిలు షాపు. రేకుల కప్పు, గుమ్మంలో గాలి పంపు, ట్యూబులు ముంచి చూసే నీళ్ళ తొట్టె. చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి వెళ్తూ షాపు ముందంతా దుమ్ము పోసి పోతున్నాయి. అతను పొట్టి మనిషి. గెడ్డం నెరిసింది. వేళ్ళ గీతల్లోకి దిగిన గ్రీజు పండగ నాడు కూడా పోదు. తండ్రి అనకాపల్లిలో జట్కాబళ్ళకు చక్రాలు బిగించేవాడు. జట్కాలు మూలపడ్డాక కొడుకు సైకిళ్ళలోకి వచ్చాడు. పెళ్ళయిన ఏడాదే భార్య షంషాద్‌ని తీసుకుని ఇక్కడ దిగాడు, ఇంకెక్కడికీ కదల్లేదు. పాలవాళ్ళ సైకిళ్ళూ, పంతుళ్ళ సైకిళ్ళూ అతని చేతి మీదుగా పోయినవే. బాగుచేసినదాన్ని తాను ఓ చుట్టు తొక్కి చూడకుండా ఎవరికీ అప్పగించేవాడు కాదు. ఎవరైనా తొందరపెడితే, పడితే దెబ్బ నీకు కదా, అనేవాడు.

ఈ వారమంతా అతనికి నిద్ర లేకుండా చేసింది మలేరియా ఇన్‌స్పెక్టరు కేదార్ తెచ్చిచ్చిన ఫోర్కు, ముందుచక్రాన్ని రెండు కాళ్ళ మధ్య పట్టి ఉంచేది. కేదార్ బావగారు ఓడలో పనిచేస్తూ సింగపూరులో కొన్నాడట. స్కూటరుకున్నట్టు రెండు కాళ్ళలోనూ స్ప్రింగులు. నొక్కితే బెత్తెడు లోపలికి దిగి, వదిలితే లేస్తుంది. అలాంటిది షరీఫుద్దీన్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

కేదార్‌కి అది షోకు కాదు. చీడికాడ పైన కొండల్లో ఉన్న ఊళ్ళలో జ్వరం వచ్చినవాళ్ళని వెతికి, వేలి నుంచి నెత్తుటి బొట్టు తీసుకురావడం అతని డ్యూటీ. ఆ కాలిబాటల్లో మోటారు సైకిలు పోదు. పోయిన వానల్లో రాళ్ళమీద పడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ, గతుకు తగిలిందంటే నొప్పి మోచేతిదాకా లాగుతుంది. డాక్టరు సైకిలు మానెయ్యమన్నాడు.

"నేను మానేస్తే ఆ ఊళ్ళకి ఇంకెవరూ వెళ్ళరు భాయ్" అన్నాడు కేదార్ ఫోర్కు బల్లమీద పెడుతూ.

ఆ మాటే షరీఫుద్దీన్‌ని పట్టుకుంది. ఫోర్కు మామూలు దానికంటే పొడుగు. బిగిస్తే సైకిలు ముందుభాగం, గోడమీద ముందుకాళ్ళు వేసిన మేకలా లేచి నిలబడుతుంది. దిగుడులో తగిలే ప్రతి దెబ్బా వచ్చి, గొట్టాలు మెడని కలిసే అతుకుమీద పడుతుంది. అక్కడ విరిగితే మనిషి ముఖం నేరుగా రాళ్ళకే.

దాన్ని బిగించడానికి ఫ్రేములు రెండు దొరికాయి. ఒకటి కేదార్ విశాఖపట్నంలో కొన్నది. కొత్తది, నీలం రంగు, తేలిక, మెడ పొడుగు. రెండోది అనకాపల్లి పాత ఇనుము కొట్లో షరీఫుద్దీన్ ఏరుకొచ్చింది. లావు గొట్టాలు, మెడ పొట్టి, దాని కింద అరచేయంత ఉక్కు రేకు అతికి ఉంది. మెడ పొట్టిదైతే ఫోర్కు పొడుగు అక్కడ సర్దుకుని ముందుభాగం మరీ లేవదని చెప్పింది కేదారే. అది నిజమే. కానీ దాని లోపల ఏముందో ఎవరు చూశారు? కొత్తదానిమీద నమ్మకం లేదు, పాతదానిమీద ధైర్యం లేదు.

పక్క షాపులో గ్యాస్ వెల్డింగు చేసే పరదేశి అనేవాడు వచ్చి, కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టి, రెండింటినీ తిప్పి చూశాడు.

"అనుమానవైతే ఒద్దని సెప్పీ మావా. మనం ఎప్పుడూ సూడని వస్తువు."

ఒద్దని చెప్పడం తేలికే. మధ్యాహ్నందాకా షరీఫుద్దీన్ ఆ మాటే లోపల కూడబలుక్కున్నాడు. షంషాద్ క్యారేజీ తెస్తే సగం తిని మూత పెట్టేశాడు. ఎడమ భుజం రాసుకుంటూంటే ఏమైందని ఆవిడ అడిగింది. పంపు కొట్టి కొట్టి పట్టేసిందన్నాడు.

కేదార్ వచ్చేసరికి నీలం ఫ్రేము గోడకి వేలాడుతోంది. పాతదానికి ఫోర్కు, చక్రాలు బిగించేసి ఉన్నాయి. కేదార్ ముఖంలో నిరాశ కనబడింది. ఇదే ఎందుకని అడిగాడు.

"ఆ పల్సటి గొట్టం ఇరిగితే సెప్పకుండా ఇరుగుద్ది బాబూ. ఇది ఇరిగేముందు ఇక్కడ పెయింటు పగుల్తాది. రోజూ పొద్దున్నే గుడ్డెట్టి తుడిసి సూసుకోండి. తెలుస్తాది."

కేదార్ హ్యాండిలు పట్టుకోబోతే షరీఫుద్దీన్ పక్కకి లాగాడు. ముందు తాను తొక్కాలన్నాడు. ఆ వయసులో రాళ్ళమీద ఎందుకని కేదార్ ఎంత చెప్పినా వినలేదు.

ఊరవతల రాయి కొట్టే గుట్టకి ఇద్దరూ నడిచే వెళ్ళారు. షరీఫుద్దీన్ సైకిలు తోసుకుంటూ గుట్ట ఎక్కాడు. పైన ఆగి ఊపిరి తీసుకున్నాడు. కింద కేదార్, విరిగి అతికిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. సైకిలు కదిలింది. కంకర ఎగిరింది, ముందుచక్రం ఓ రాయిమీదికి ఎక్కి ధబ్బున దిగింది. కేదార్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి షరీఫుద్దీన్ అతని ముందు బ్రేకు వేసి దిగుతున్నాడు. అతుకు తుడిచి, గోటితో పెయింటు గీకి చూశాడు. మళ్ళీ గుట్ట ఎక్కాడు. చాలని కేదార్ అరిచినా మళ్ళీ ఎక్కాడు. ఆఖరుసారి దిగాక చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. అతుకు తుడవకుండానే నవ్వాడు.

"దెబ్బంతా అదే మింగేస్తంది బాబూ. మీ సెయ్యికి రాదు."

షాపుకి తిరిగొచ్చాక, సంచీ తెచ్చుకుంటానని కేదార్ ఆఫీసుకి వెళ్ళాడు. ఈలోగా సీటు మీ ఎత్తుకి సరిచేసి ఉంచుతానని షరీఫుద్దీన్ చెప్పాడు. కేదార్ తిరిగొచ్చేసరికి షాపు ముందు జనం. పరదేశి ఏడుస్తున్నాడు. మావ స్తంభానికి ఆనుకుని కూర్చుంటే కునుకు తీస్తున్నాడనుకున్నానని, టీ ఇవ్వడానికి పిలిస్తే పలకలేదని, వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్తున్నాడు.

కేదార్ తర్వాత చాలా రోజులు ఆ రోడ్డున రాలేదు. ఆ గుట్ట ఎక్కకుండా తాను ఆపి ఉండాల్సిందని అతని బాధ. చివరికి షంషాదే కబురు పంపింది. షాపు తలుపు తీసి పక్కకి నిలబడింది. కేదార్ గుమ్మంలోనే ఆగిపోతే, ఆవిడ నెమ్మదిగా అంది.

"పట్టుకెళ్ళండి బాబూ. ఆయన తొక్కి సూసేరు గదా. ఇంక మీకు బయవేటి?"

సైకిలు లోపల గోడకి చేరగిలబడి ఉంది. పొడుగాటి కేదార్ దాని ముందు వంగాడు. సీటు ఇంకా పొట్టివాళ్ళు తొక్కే ఎత్తులోనే కిందికి దిగి ఉంది, దాని కింద సగం వదులైన నట్టుకి స్పానరు అలాగే పట్టుకుని ఉంది.