ఆథల్ ఐసు తూకం

టేమర్ నది ఒడ్డున ఆథల్ కొట్టు పెట్టి ముప్పై ఏళ్లు. అమ్మే సరుకులు రెండే: గాలానికి ఎర, చేపలూ బీర్లూ చల్లగా ఉంచే పెట్టెల్లోకి ఐసు. ఎర కుళ్లకముందే, ఐసు కరగకముందే వదిలించుకున్నవాడే వ్యాపారి అన్నది అతని సిద్ధాంతం. అందుకే క్రిస్మస్ ముందురోజు కొట్లో ఒక్క సంచి మిగల్చలేదు. ఇంటికని పక్కన పెట్టిన రెండు సంచులు కూడా పక్కింటి డడ్లీకి అంటగట్టి, ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు.

భూగోళానికి దక్షిణాన ఉన్న ఆ దేశంలో క్రిస్మస్ వచ్చేది నడివేసవిలో. మర్నాడు మధ్యాహ్నానికి ఎండ ముప్పై నాలుగు డిగ్రీలు దాటింది. ఊళ్లో కరెంటు పోయింది.

పెరట్లో చుట్టాలూ ఇరుగుపొరుగూ ఎవరి ఐసుపెట్టె వాళ్లు పక్కన పెట్టుకుని, ఎవరి బీరు వాళ్లు తాగుతున్నారు. ఇంట్లోంచి అతని భార్య గ్లెనిస్ కేక వినబడింది.

"ఆథల్! తొట్టి ఇరవై ఒకటికి ఎక్కింది!"

ఆథల్ లోపలికి పరుగెత్తాడు. తొట్టిలో ఉన్నవి రెండు సముద్రపు గుర్రాలు. ఇన్నేళ్ల కాపురంలో గ్లెనిస్ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. చల్లని నీళ్ల జాతి. పద్దెనిమిది డిగ్రీలు దాటకుండా నీటిని చల్లబరచడానికో యంత్రం, తోక చుట్టుకుని వేలాడటానికి ప్లాస్టిక్ నాచు, రెండు పూటలా సన్న రొయ్యలు, అవి తినగా మిగిలింది గొట్టంతో లాగేయడం. "గుర్రానికి మేత వేస్తే బండైనా లాగుతుంది, ఇవేం లాగుతాయే?" అని మొదట్లో గొణిగేవాడు. ఇప్పుడు పొద్దున లేవగానే ముందు వాటినే పలకరిస్తాడు. ఈ జాతిలో కడుపు మోసేది మగది. ఆ బొజ్జ చూసి దానికి మేయర్ అని పేరు పెట్టాడు. మేయర్‌కు ఇప్పుడు నెలలు నిండాయి.

ఎర రొయ్యలకు గాలి ఊదే బ్యాటరీ పంపు కొట్లోంచి పరుగున తెచ్చి తొట్టిలో వేశాడు. గాలికి లోటు లేదు. లోటల్లా చలవకే.

"ఐసు తే," అంది గ్లెనిస్.

"లేదు."

"ఐసు అమ్మేవాడింట్లో ఐసు లేదా?"

"అంతా అమ్మేశాను."

"మేయర్‌కి ఏమైనా అయిందో, ఇక నీ కాపురం కొట్లోనే. ఎర పక్కన పడుకో."

ఆ ఊళ్లో పడవ అడిగితే ఇస్తారు. కానీ ఒకరి ఐసుపెట్టెలో ఇంకొకరు చెయ్యి పెట్టడమన్నది లేదు. ఆథల్ నవ్వు తెచ్చిపెట్టుకుని పెరట్లో డడ్లీ దగ్గరికి నడిచాడు.

"డడ్లీ, రెండు సంచుల ఐసు కావాలోయ్. నిన్నటి ధరకే తీసుకుంటా."

"నీ కొట్లో బోర్డేంటి? అమ్మిన ఐసు వాపసు తీసుకోబడదు, అంతేగా?"

"రెట్టింపిస్తా."

"నాకు డబ్బొద్దు." డడ్లీ తాపీగా ఒక గుక్క తాగాడు. "పది కిలోలని అమ్ముతావే, ఆ సంచి నిజంగా ఎంత తూగుతుందో చెప్పు. అందరికీ వినబడాలి."

పెరట్లో అందరూ ఇటు తిరిగారు. ఆథల్ మనసులో త్రాసు ఊగింది. ఒక పళ్లెంలో ముప్పై ఏళ్ల పరువు, రెండో పళ్లెంలో నిమ్మకాయంత బొజ్జ.

"ఇరవై రెండున్నర!" లోపల్నుంచి గ్లెనిస్.

"తొమ్మిది," అన్నాడు ఆథల్.

"వినబళ్లేదు."

"తొమ్మిదయ్యా తొమ్మిది! ఎండాకాలం ఎనిమిదిన్నర!"

ముందు గ్లెనిస్ అక్క నవ్వింది. "మాకు తెలీదనుకున్నావా మరిదీ? మా ఇంట్లో త్రాసు లేదా?" తర్వాత ఒక్కొక్క పెట్టె మూతా తెరుచుకుంది.

ఐసు తిన్నగా తొట్టిలో వేస్తే కరిగి ఉప్పు నీరు పలచబడుతుంది. అందుకని ఖాళీ సీసాల్లో కూరి, మూతలు బిగించి, రెండేసి చొప్పున తొట్టిలో తేలనిచ్చారు. ఒక్కసారిగా చల్లబడినా ప్రమాదమే. కాబట్టి డడ్లీ గడియారం చూస్తూ సీసాలు మార్చాడు. మగాళ్లంతా వేడి బీరు తాగుతూ, ఆథల్‌ని తిడుతూ, తొట్టి చుట్టూ కాపలా కాశారు. పొద్దు వాలేసరికి నీరు పద్దెనిమిదికి దిగింది.

అప్పుడు మేయర్ నాచుకు తోక బిగించి, కొలిమితిత్తిలా బొజ్జ నొక్కుకుంది. నూలుపోగుల్లాంటి పిల్లలు, తలా తోకా అన్నీ ఉన్న గుర్రాలే, గుప్పున బయటికొచ్చాయి. ఆథల్ అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టాడు. కళ్లు చెమర్చాయి, ఎండ వల్ల అన్నాడు.

"మూడొందలకి ఒక్కటి తగ్గదు!" అని అరిచాడు.

డడ్లీ వేడి బీరు ఆఖరి గుక్క మింగి మొహం చిట్లించాడు.

"నీ లెక్కలో మూడొందలా? ఎండాకాలం తూకం కదా, అయితే రెండొందల యాభై అయిదు."