కడిగి బోర్లించిన సీసా

పొద్దున్నే మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లిన స్వప్నకు, గిన్నెలు తోమే బండ మీద కాఫీ లోటాల పక్కన ఆ చిన్న సీసా బోర్లించి కనిపించింది. ఎవరో సబ్బుపెట్టి తోమినట్టున్నారు. దాని మీద అంటించిన ఆమె పేరు తడిసి సగం ఊడిపోయింది.

ఆ సీసాలో ఆమె గర్భసంచి లోపొర నుంచి తీసిన గోరంత ముక్క ఉండాలి. ఈ పొద్దు బెంగుళూరు రైలెక్కాల్సిన ముక్క.

"అత్తా, దీంట్లో ఉండేది యాడ?"

కృష్ణమ్మ పొయ్యి మీంచి తల తిప్పలేదు. "యాడికి చేరాల్నో ఆడికి చేరింది. నువ్వు పోయి నీళ్లు పోసుకో."

స్వప్నకు పెనుకొండ హైస్కూలు రోజుల నుంచీ నెలనెలా నొప్పి. పొత్తికడుపును తడిగుడ్డలా పిండి మెలిపెట్టేది. పెళ్లయితే పోతుందని ఒక డాక్టరు, బిడ్డ పుడితే పోతుందని ఇంకో డాక్టరు చెప్పి పంపించారు. డిగ్రీ పరీక్ష ఒకటి ఆ నొప్పికే పోయింది. 2009 వేసవిలో పెళ్లయి ధర్మవరం వచ్చాక, "మా కోడలికి మగ్గం చూస్తానే కడుపునొప్పి వస్తాది" అని కృష్ణమ్మ వీధి ఆడవాళ్ల ముందర నవ్వేది.

హిందూపురం డాక్టరమ్మ ఒక్కతే నవ్వలేదు. గర్భసంచి లోపొరలాంటిది బయట పెరిగే జబ్బు కావచ్చు, ఎండోమెట్రియోసిస్ అంటారు అంది. రూఢి చేసుకోవాలంటే మత్తిచ్చి, పొట్టకు రంధ్రం చేసి కెమెరాతో చూడాలి.

"బెంగుళూరులో ఇంకో పద్ధతి పరీక్షిస్తున్నారు," అంది. "సన్న గొట్టంతో లోపొర ముక్క తీసి, రంగు పట్టించి చూస్తారు. ఈ జబ్బున్న వాళ్ల పొరలో సన్నటి నరాల పోగులు కనిపిస్తున్నాయట. ఇంకా పరిశోధనేనమ్మా, ఖాయమని చెప్పను. కానీ అవి కనిపిస్తే కోత లేకుండానే మందులు మొదలుపెడతా."

స్వప్న పళ్లు బిగించి ఆ గొట్టం బాధ ఓర్చుకుంది. ముక్క తీయడం డాక్టరు పని, ల్యాబుకు మోయడం ఇంటివాళ్ల పని. ఈ ఊళ్లల్లో అదే వాడుక. తిరుగు రైల్లో సీసాను భర్త నాగభూషణం చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. పెనుకొండ స్టేషన్లో ఉగ్గాని, బజ్జీ కొనిచ్చాడు. మిరపకాయ మంటకు ముక్కు కారుతుంటే, కిటికీ గాలికి జుట్టు నోట్లోకి వస్తుంటే స్వప్న ఊరికే నవ్వింది. తన నొప్పి అబద్ధం కాదని చెప్పేదొకటి ఆ జేబులో ఉంది మరి.

"పారబోసినావా అత్తా?"

"పారబోసేకి నేనేం రాక్షసినా? పసుపుగుడ్డలో చుట్టి, పాలు పోసి పూడ్చినాం. కడుపులోదాన్ని సీసాలో ఏసుకోని ఊర్లు తిప్పుతారా ఎవరన్నా? కొత్త పెండ్లికూతురివి, అదేందో నాకు తెలీదనుకుంటివా?"

స్వప్నకు అప్పుడు అర్థమైంది. "అది బిడ్డ కాదత్తా. కడుపు లేదని పరీక్ష చేసినాకే ముక్క తీసినారు."

"చదువుకున్నోళ్లు ఏమైనా చెప్తారులే."

మునగచెట్టు కింద కొత్త మన్ను, పైన పాల తడి. మోకాళ్ల నొప్పితో వంగి ముగ్గు కూడా వేయలేని కృష్ణమ్మ అంత గుంత తవ్వలేదు. కొళాయి దగ్గర పళ్లు తోముకుంటున్న నాగభూషణం కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రమన్ను ఉంది.

"గుంత తవ్వింది నువ్వేనా?"

అతడు పుక్కిలించి ఉమ్మాడు. "అమ్మ ఏడ్చింది స్వప్నా. ఇంకో ముక్క తీపిచ్చుకుంటే పోలే."

"ఈసారి నీ పొట్టలోంచి తీపిద్దాం. గొట్టం దూరేటప్పుడు నేను చెట్టుకింద కూచోని పాలు పోస్తా."

"మెల్లగా మాట్లాడు, పక్కింటోళ్లు వింటాండారు."

"విననీ. డాక్టరమ్మ చెప్తాంటే పక్కన కూచోని తల ఊపితివి గదా."

"ఏమో... నాకూ అనుమానమొచ్చింది. బిడ్డే అయితే?"

అమ్మ కన్నీళ్లకు కరిగానంటే స్వప్న ఎప్పటికో మన్నించేదేమో. ఇతడు పెళ్లాం మాట మీదే నమ్మకం లేక గడ్డపార పట్టాడు. ఆమె సీసాను అతడి చేతిలో పెట్టి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మళ్లీ ముక్క తీయాలంటే మళ్లీ నెలసరి రావాలి. వచ్చింది. చాప మీద మెలికలు తిరుగుతూ, పక్కన చేరి విసనకర్ర విసురుతున్న భర్త చేతిని తోసేసింది.

తర్వాత హిందూపురానికి ఒక్కతే బయలుదేరింది. అతడు వెనకే వచ్చి రైలెక్కాడు. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరకుండా నేరుగా బెంగుళూరు బండెక్కారు.

"ఇట్లియ్యి, నేను పట్టుకుంటా."

"నువ్వు కిటికీ పట్టుకో."

దారి పొడవునా సీసా ఆమె రెండు చేతుల మధ్యనే ఉంది.

కొన్నాళ్లకు డాక్టరమ్మ ఫోను చేసినప్పుడు ఇంట్లో మగ్గాలు ఆడుతున్నాయి. "నరాల పోగులు కనిపించాయంట స్వప్నా. నీ నొప్పికి కారణం ఇదే అయ్యుండొచ్చు. వచ్చి మందులు తీసుకుపో."

సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. పెళ్లయితే పోతుందన్న ప్రతి నోరూ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

"మేడం, ఇదే మాట ఇంకోసారి చెప్పండి," అని ఫోనును నాగభూషణం చెవికి అదిమింది. అతడు విన్నాడు.

ఆమె ఫోను లాక్కుని వంటింట్లోకి నడిచింది.

"అత్తా, చెయ్యి తుడుచుకో. నీతో మాట్లాడాలంట."