గీత దాకా నీళ్లు

చేపల తొట్టిని అంత కిందికి ఎందుకు పెట్టారని ఇంటికి వచ్చినవాళ్లందరూ అడిగేవారు. మోకాలెత్తు బల్ల మీద, చిన్న పీట వేసుకుని కూర్చున్నవాళ్ల ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంటుందది. సుహాసిని ఎవరికీ కారణం చెప్పేది కాదు. అత్త ఈదమ్మ మెడ పైకి లేవదు. నల్లగొండ జిల్లా మునుగోడు దిక్కు పల్లెలో పుట్టి, ముప్పై ఏళ్లు బోరింగు నీళ్లు తాగిన మనిషి. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ నడుమును వంచేసి, మెడను బిగించేసింది. నేలను చూసుకుంటూనే నడుస్తుంది. ఆ సంగతి చెబితే వచ్చినవాళ్లు తొట్టిని వదిలి ఆమెను చూడటం మొదలుపెడతారు.

అందులో ఉన్నవి ఉప్పు కలిపి చేసిన సముద్రపు నీళ్లు. చిట్యాల దగ్గరి మందుల కంపెనీలో సుహాసిని భర్త విజేందర్‌తో పనిచేసే ఒకాయన బదిలీ మీద పోతూ ఆ తొట్టిని అతనికి ఇచ్చి వెళ్లాడు. అలా రెండేళ్ల కింద అది నకిరేకల్‌లోని ఈ ఇంటికి చేరింది. విజేందర్ ముచ్చట నెల రోజుల్లో తీరిపోయింది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన సుహాసిని ఒక నోటుబుక్కు పెట్టి, ఏ రోజు ఉప్పు ఎంత, వేడి ఎంత అని రాసుకుంటూ తొట్టిని తన చేతిలోకి తీసుకుంది.

తెల్ల చారల నారింజ చేపలు రెండు, ఒక రొయ్య, నాలుగు నత్తలు, రాళ్లకు అంటుకుని బతికే పగడాలు. వాటిలో ఒకటి ఈదమ్మ ప్రాణం. పొద్దున లైటు వెలగగానే వందల చిన్న చిన్న చేతులు విప్పుకుంటుంది, సాయంత్రం ముడుచుకుంటుంది. దానికి చామంతి అని పేరు పెట్టింది.

"నాకంటె నయం పిల్లా," అనేది. "దీని కీళ్లు మంచిగున్నయి."

ఎనిమిది రోజులుగా చామంతి విప్పుకోలేదు. నత్తలు అద్దం మీద పట్టు వదిలి ఒక్కొక్కటే ఇసుకలో పడ్డాయి. సోమవారం రొయ్య చచ్చిపోయి కనిపించింది. చేపలు మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాయి. ఇంట్లో చేసే పరీక్షల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి సుహాసిని ఒక సీసాలో ఆ నీళ్లు నింపి, హైదరాబాద్‌లో ఉప్పునీటి చేపల దుకాణం నడిపే సతీశ్ ద్వారా ల్యాబుకు పంపింది.

"నాకు దవాఖానల ఉచ్చ పరీక్ష, దీనికి సముద్రం పరీక్షనా!" అని నవ్వింది ఈదమ్మ. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఏమన్న జెయ్యి బిడ్డా. అది లేవకుంటె నాకు పొద్దెట్ల పోతది?"

గురువారం పదకొండు గంటలకు ఫోన్లో రిపోర్టు వచ్చింది. ముప్పైకి పైగా పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక అంకె, దాని పక్కన ఆకుపచ్చదో ఎర్రదో ఒక చుక్క. సుహాసిని కళ్లు అన్నిటినీ దాటుకుని ఒక్క పేరు మీద ఆగాయి. ఫ్లోరైడ్, లీటరుకు ఒకటి పాయింట్ మూడు మిల్లీగ్రాములు. ఒకటి దాటితే భద్రం కాదని బడి గోడల మీద చదువుతూ పెరిగిన పిల్ల ఆమె. నోరు జారింది.

"ఫ్లోరైడ్ ఉందత్తమ్మా. దీంట్ల బోరునీళ్లేమన్న పోసిన్రా?"

"బోరునీళ్లా! దుష్మన్‌కు గూడ పొయ్య నేను."

ఈదమ్మ పీటను రెండు చేతులతో వెనక్కి జరుపుకుంది. తొట్టికి దూరంగా, గోడ దాకా.

"నా పీడ దానిక్కూడ తగిలినట్టుంది," అంది మెల్లగా.

సుహాసిని గబగబా వంటింట్లోకి పోయి సతీశ్‌కు ఫోన్ చేసింది.

అతను నవ్వాడు. "నల్లగొండోళ్లు అందరు ముందుగాల గదే చూస్తరు మేడం. సముద్రంల ఫ్లోరైడ్ గంతనే ఉంటది. మనం తాగే నీళ్ల లెక్క వేరె. పక్కన ఆకుపచ్చ చుక్కనే ఉన్నది గద! జర కిందికి రాండ్రి. రాగి చూడుండ్రి."

ఎర్రచుక్క. లీటరుకు ఎనభై మైక్రోగ్రాములు.

"ఐదు దాటొద్దు. చేపలు తట్టుకుంటయి గని రొయ్యలు, నత్తలు, పగడాలు తట్టుకోవు. ఇంట్ల రాగి సామాను ఏమన్న తగుల్తున్నదా?"

"ఏం లేదు," అంది సుహాసిని నమ్మకంగా. మోటారు, పైపులు అన్నీ ప్లాస్టిక్‌వే. ఉప్పు ఎప్పటి రకమే.

ఇక మిగిలింది నీళ్లు. తొట్టిలోంచి రోజూ చెంబెడు నీళ్లు ఆవిరైపోతాయి. ఉప్పు మాత్రం అందులోనే ఉండిపోతుంది కనుక పైన మామూలు ఫిల్టర్ నీళ్లు, అద్దం మీద గీసిన నల్లగీత దాకా పోయాలి. ఆ పని ఈదమ్మది. ఆమె చేసిన తరువాత ఇంకెవరూ మళ్లీ సరిచేయని పని ఆ ఇంట్లో అదొక్కటే.

సుహాసిని వంటింట్లో పక్కకు తిరిగి చూసింది. తొట్టి కోసం తను ఆదివారం నింపిన ప్లాస్టిక్ క్యాను గురువారం కూడా మెడ దాకా నిండుగా ఉంది. దాని పక్కనే రాగిబిందె, చింతపండుతో తోమి తళతళలాడుతోంది. రాగిబిందె నీళ్లు కీళ్లకు మంచివని ఎవరో చెబితే మొన్న దసరాకు విజేందర్ తన తల్లి కోసం దాన్ని తెచ్చాడు.

సుహాసిని అత్త దగ్గరికి వచ్చి అడిగింది. "పొద్దుగాల తొట్టిల ఏ నీళ్లు పోస్తున్నరత్తమ్మా?"

"ఫిల్టర్ నీళ్లే. ముందురోజు బిందెల నింపి పెడ్త. తెల్లారి నేనో చెంబు తాగుత, దానికో చెంబు పోస్త. మంచి నీళ్లు నేనొక్కదాన్నే తాగుడేంది?"

మోటారు పాడైందని అబద్ధం చెప్పేయవచ్చు. మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ అలా చెబితే ఈమె ఆ గోడ దగ్గరే, తన పీడే తగిలిందనుకుంటూ కూర్చుండిపోతుంది. సుహాసిని నేల మీద కూర్చుంది. అక్కడ కూర్చుంటేనే ఈదమ్మ కళ్లు కనిపిస్తాయి. ఫ్లోరైడ్ తప్పేమీ లేదని ముందు చెప్పింది. తరువాత రాగి సంగతి చెప్పింది.

ఈదమ్మ తన అరచేతులు చూసుకుంది. "అంటె నేనే సంపిన్నన్నట్టు."

"తెల్వక పోసిన్రు."

"నన్ను గన్న మా అవ్వ గూడ తెల్వకనే తాపింది. చేదబాయి ఎండితె గవర్నమెంటోళ్లు బోరింగేసిన్రు. లైన్ల నిలబడి, నీళ్లు చల్లగున్నయని మొదటి చెంబు నాకే పోసేది."

"అవ్వ మీద ఎన్నడన్న కోపమొచ్చిందా అత్తమ్మా?"

"అవ్వ మీదనా? ఎందుకొస్తది? ఆమెకేమెరుక..."

మాట అక్కడే ఆగిపోయింది. సుహాసిని లేచి చాయ పెట్టడానికి పోయింది.

రాగిని పీల్చుకునే మందు సంచిని సతీశ్ ఆర్టీసీ కార్గోలో పంపాడు. రోజు విడిచి రోజు రెండు బకెట్ల నీళ్లు తీసి, కొత్తగా ఉప్పు కలిపిన నీళ్లు పోసింది సుహాసిని. సాయంత్రాలు విజేందర్ బకెట్లు మోశాడు. బిందె తెచ్చింది తనే కదా. ఈదమ్మ పీట మాత్రం గోడ దగ్గరి నుంచి కదల్లేదు. గీత దాకా నీళ్లు పోసే పని కూడా సుహాసిని మీదే పడింది.

మందు సంచి వేసిన పదమూడో రోజు పొద్దున లైటు వేసి చూస్తే, చామంతి అంచున ఒక్క చెయ్యి విప్పుకుని ఉంది. సుహాసిని అత్తను పిలవబోయి ఆగింది. ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి పోయి బియ్యం కడుగుతూ చెవులు రిక్కించింది.

చాలాసేపటికి పీట నేల మీద రాసుకున్న చప్పుడు.

"పిల్లా! ఒక్క చెయ్యి లేసిందే! ఉరికిరా!"

సుహాసిని పరుగెత్తలేదు. క్యానులోంచి ప్లాస్టిక్ మగ్గు నింపుకుని వచ్చి ఈదమ్మ చేతికి అందించింది. ఈదమ్మ తీసుకోలేదు.

"ఏ నీళ్లివి?"

"క్యాన్ల నీళ్లు."

"నువ్వు చూసినవా?"

"మీ ముందటనే వంచుకొస్త, పాండ్రి."

"వద్దు తియ్. నువ్వీడనే నిలవడు. నేను పోస్తుంటె చూడు."

ఈదమ్మ మగ్గు అందుకుని, ధార చప్పుడు కూడా రానంత మెల్లగా పోసింది. నీళ్లు నల్లగీతను తాకగానే మగ్గు ఎత్తేసింది. అందులో ఇంకో గుక్కెడు మిగిలింది. ఈదమ్మ దాన్ని పారబోయలేదు. ఒకసారి చామంతి వైపు చూసి, తనే తాగింది.