ఇరవై పాలడబ్బాలు

దేవదానం గోడకున్న ప్లగ్గు పీకేశాడు. ఈతకొలను అడుగున నీళ్లు తోడుతూ గుడగుడమంటున్న పంపు ఆగిపోయింది. మోకాళ్ల మీద వంగి, చేయి చాచి, నీళ్లు ఎంత దిగాయో జానతో కొలిచాడు. నీళ్లు తిరిగివచ్చే గొట్టాల మూతులకు జానెడు కిందికి దిగాయి. చలికాలానికి దిగాల్సింది సరిగ్గా అంతే. ఇంకో గంట పడుకుని ఉంటే కొంప మునిగేది.

పంపు ఎవరు పెట్టించారో ఒకరిని అడగనక్కర్లేదు. తెల్లవారుజామున మోటెల్ ముందు డాక్టర్ రాజగోపాల్ గారి కారు ఆగిన చప్పుడు నిద్రలోనే విన్నాడు. ఆయనా, మరో ముగ్గురు డాక్టర్లూ కలిసి కొన్నారు అరోరా ఊరి చివరనున్న ఈ ముప్పై గదుల మోటెల్‌ని. దేవదానం అందులో నాలుగో నంబరు గదిలో ఉంటాడు. తువాళ్లు మోస్తాడు, గడ్డి కోస్తాడు, మంచు తవ్వుతాడు, బల్బులు మారుస్తాడు.

యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. ముప్పై ఏళ్లు తాపీ పట్టిన కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారి ఉంటుంది. సున్నం తిన్న గోళ్లు మళ్లీ సరిగా పెరగలేదు. తొమ్మిది రోజులు గుండెనొప్పితో ఆసుపత్రిలో ఉండి మంగళవారమే తిరిగొచ్చాడు. చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ కూడా ఇంకా కత్తిరించలేదు. నెల్లాళ్లు మంచం దిగొద్దన్నారు. ఇవాళ గురువారం. రాత్రికి చలి సున్నా ఫారెన్‌హీట్ దాకా దిగుతుందని రేడియో మూడుసార్లు చెప్పింది. మంచం మీద ఎవరు పడుకుంటారు?

నరసరావుపేటలో అతను కట్టని వీధి లేదు. భార్య పోయాక, ఇక్కడ నర్సుగా ఉన్న చెల్లెలు శాంతి కాగితాలు పెట్టి డెబ్భై ఎనిమిదిలో పిలిపించుకుంది. వచ్చిన నాలుగేళ్ల వరకూ తాపీ ముట్టుకోలేదు. ఎనభై రెండు వేసవిలో పూల్ గచ్చు పెచ్చులుగా లేస్తుంటే, "నేను చేస్తానండీ" అన్నాడు. డాక్టర్లు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు మెక్సికో మేస్త్రీలను తోడు తెచ్చుకుని, తెల్ల సిమెంటూ చలువరాతి పొడీ కలిపి, సూర్యుడు రాకముందు మొదలుపెట్టి పొద్దుగూకే దాకా ఆగకుండా మెత్తాడు. ఎక్కడ ఆగితే అక్కడ అతుకు పడుతుంది. మోకాళ్లు రెండూ దోక్కుపోయాయి. అతుకు మాత్రం పడలేదు. ఈ దేశంలో అతని చేత్తో తయారైన వస్తువు అదొక్కటే. అతిథులు అందులో కేరింతలు కొడుతుంటే, దేవదానం వాళ్లను కాదు, గోడను చూసేవాడు.

"దేవదానం గారూ, పంపు ఎందుకు ఆఫ్ చేశారు?"

రాజగోపాల్ గారు కాఫీ కప్పుతో ఆఫీసులోంచి వచ్చారు. నలభై ఏళ్ల మనిషి, మెత్తని మాట, ఎప్పుడూ తొందర.

"చాలండి. ఇంతకన్నా దిగితే దానికి మంచిది కాదు."

"మొత్తం డ్రెయిన్ చేసేద్దామని పార్ట్‌నర్స్ అందరం డిసైడ్ చేశాం. మీకా ఒంట్లో బాగాలేదు, ఇంకొకరికి ఈ పని తెలీదు. నీళ్లుంటేనే కదా ఫ్రీజ్ అయ్యేది?"

చదువుకున్న మనిషి మాట. వినడానికి ఎంత బాగుందో. ఏడేళ్లలో దేవదానం ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు.

"ఖాళీ చేస్తే పైకి లేచుద్దండి."

"ఏంటి లేచేది?"

"తొట్టి మొత్తం. మొన్నటి వానలకి కింద నేలంతా నీరే. ఇప్పుడు లోపలున్న నీళ్ల బరువే దాన్ని అదిమి పెడతంది. పైగా గచ్చు తడారితే ఈ చలికి పెచ్చులు లేచుద్ది."

డాక్టరు గారు నమ్మలేదని ఆ నవ్వులోనే తెలిసింది. దేవదానం సామాన్ల గదిలోకి వెళ్లి, నేల తుడిచే పెద్ద బక్కెట్టు నిండా నీళ్లు పట్టి తెచ్చాడు. గదుల్లో ఐసు పెట్టే చిన్న డబ్బా ఒకటి ఖాళీది తీసుకుని, అంచులు మునగకుండా నీళ్లలోకి అదిమి పట్టుకున్నాడు. చేయి వదిలాడు. డబ్బా టపీమని పైకి తేలింది. తర్వాత దాన్నిండా నీళ్లు పోసి పెట్టాడు. కదలకుండా అడుగున కూర్చుంది.

రాజగోపాల్ గారు కాఫీ తాగడం మర్చిపోయి చూశారు. "సరే, మీ ఇష్టం. కానీ పగిలితే మాత్రం బాధ్యత మీదే" అన్నారు.

"నాదేనండి."

అనేశాక గుండె ఒకసారి గట్టిగా కొట్టుకుంది. భయం కాదు, సంతోషం. ఎన్నేళ్లయిందో ఒక పని నాదే అని పైకి అని.

సామాన్ల గది మూల చూసేసరికి ఆ సంతోషం కాస్తా ఎగిరిపోయింది. ఏడాది పొడుగునా కూడబెట్టిన ఖాళీ ప్లాస్టిక్ పాలడబ్బాలు దాదాపు సగం లేవు. తను ఆసుపత్రిలో ఉండగా ఎవరో గది శుభ్రం చేశామనుకుని చెత్తలో పారేశారు. గడ్డకట్టిన నీరు ఉబ్బుతుంది, ఉబ్బి గోడల్ని తోస్తుంది. గోడ వెంబడి గాలి నిండిన డబ్బాలు తేలుతుంటే ఆ తోపుడు వాటి మీద పడుతుంది. నలిగితే అవి నలుగుతాయి, గోడ నలగదు. అందుకు ఇరవై కావాలి. పదకొండున్నాయి.

శాంతి ఇంటికి నాలుగు వీధులు. నడుచుకుంటూ పోయి, ఫ్రిజ్ తెరిచి, రెండు గ్యాలన్ల పాలు గిన్నెల్లోకి వంచడం మొదలుపెట్టాడు. డ్యూటీ దిగి వచ్చి నిద్రపోతున్న శాంతి చప్పుడుకి లేచి వచ్చింది.

"అన్నా! నువ్వు మంచం ఎందుకు దిగావ్? అవి నిన్న కొన్న పాలు. డిసెంబరు రెండో తేదీ దాకా డేటుంది వాటికి."

"మంచి పాలేలే. తోడెట్టు."

"రెండు గ్యాలన్లు తోడెట్టి ఏం చేసుకోను? పూల్లో పోసుకుని ఈదనా? నువ్వసలు మాటింటావా?"

"ఇంటా. డబ్బాలు కట్టేసి వచ్చి పడుకుంటా. ఇంకా ఏడు కావాలమ్మా."

శాంతి అన్న మొహంలోకి చూసింది. తిట్టబోయినదల్లా ఫోన్ తీసి స్నేహితురాలికి కలిపింది. "జయంతీ, నేనే. నీ దగ్గర పాలెన్ని ఉన్నయ్? ... ఏంలేదు, మా అన్నకి డబ్బాలు కావాలంట. పాలు కాదు తల్లీ, డబ్బాలే." ఆ మధ్యాహ్నం అరోరాలో నాలుగు తెలుగిళ్లలో ఉన్న పాలన్నీ పెరుగైపోయాయి. శాంతి ఏడు డబ్బాలూ కారులో వేసుకొచ్చి, అన్న పక్కనే చలిలో నిలబడింది. సాయం వస్తానంటే ఒప్పుకోలేదు, తాడు పట్టుకోమన్నాడంతే.

ముందు దుమ్ము పీల్చే వాక్యూమ్‌ని తిరగేసి గొట్టాల్లోకి గాలి కొట్టాడు. ఆఖరి మూతిలోంచి చల్లటి నీళ్లు చిమ్మడం ఆగి ఒట్టి గాలే వచ్చేదాకా చూసి, తడిసిన చేత్తోనే రబ్బరు బిరడా బిగించాడు. మోచేతి దాకా ఎర్రబడింది. నీళ్లు తిప్పే పంపు అడుగు మరలు విప్పి, లోపలి ఆఖరి నీటిచుక్క కూడా వంపేశాడు. తర్వాత ఒక్కో డబ్బాలో రెండు గుప్పెళ్ల గులకరాళ్లు పోసి, మూత బిగించి, సగం మునిగి సగం తేలేలా సరిచూసి తాడుకు కట్టాడు. నాలుగు డబ్బాలు కట్టి ఒకసారి కూర్చునేవాడు. శాంతి నాడి చూడబోతే చేయి వెనక్కి లాక్కునేవాడు.

"ఎవరికోసం అన్నా ఈ తిప్పలు? వాళ్లకే పట్టలేదు."

"వాళ్లకెందుకు పట్టుద్ది? మెత్తింది నేను కదా."

పొద్దు వాలేసరికి ఇరవై డబ్బాలూ గోడ వెంబడి దండలాగా తేలుతున్నాయి. దేవదానం లేచి నిలబడి చుట్టూ ఒక చూపు చూసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఇంక కట్టమను గడ్డ" అన్నాడు.

కట్టింది. తెల్లారేసరికి పూల్ మీద పిల్లి నడిచేంత గడ్డ. వారం తిరిగేసరికి మనిషి నడవొచ్చు. దేవదానం రోజూ పొద్దున్నే వచ్చి డబ్బాలు చూసుకుని పోయేవాడు.

నవంబరు ఇరవై తొమ్మిదిన, థాంక్స్‌గివింగ్ మర్నాడు, శాంతి పెరుగన్నం పట్టుకుని నాలుగో నంబరు గదికి వచ్చింది. అన్న కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి బూటు తొడిగి ఉంది. రెండోది చేతిలో ఉంది. నర్సు కాబట్టి, ముట్టుకోకముందే ఆమెకు తెలిసిపోయింది. అయినా పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ రెండో బూటు కూడా తొడిగి, లేసు కట్టింది.

ఏప్రిల్‌లో గడ్డ కరిగింది. రాజగోపాల్ గారు ఫోన్ చేసి రమ్మన్నారు. శాంతి వెళ్లేసరికి ఆయన ప్యాంటు పైకి మడిచి, చల్లటి నీళ్లలో మెట్టు మీద నిలబడి ఉన్నారు. అరచేత్తో గోడను తడుముతున్నారు.

"మొత్తం చూశానమ్మా. హెయిర్‌లైన్ క్రాక్ కూడా లేదు" అన్నారు. తలెత్తకుండానే, "ఆ రోజు బాధ్యత మీదే అన్నాను ఆయనతో. అనకుండా ఉండాల్సింది" అన్నారు.

శాంతి తాడు పట్టుకుని లాగింది. ఒకదాని వెంట ఒకటి ఇరవై డబ్బాలూ గట్టుకొచ్చాయి. ఒక్కటీ బాగాలేదు. పక్కలు అణిగి, మెడలు వంగి, చొట్టలు పడి ఉన్నాయి. చివరిది తన ఇంటిదని గుర్తుపట్టాక ఇక ఆపుకోలేకపోయింది. తాడు విప్పి, దాన్ని ఒళ్లోకి తీసుకుని, డాక్టరు గారు ఉన్నారని కూడా చూడకుండా వెక్కివెక్కి ఏడ్చింది.

నలిగి అరచేతి మందాన మిగిలిన ఆ డబ్బా కదిలినప్పుడల్లా లోపల గులకరాళ్లు చప్పుడు చేశాయి. మూత కింద నీలం అక్షరాల్లో డిసెంబరు రెండు అన్న తేదీ చెక్కుచెదరకుండా ఉంది.