అలసిన చేతికే తెరుచుకునే కంప్యూటరు

బ్లడ్ బ్యాంకులో పొద్దున్నే మొదటి పని ఆ పాత కంప్యూటరును లేపడం. మీట నొక్కాక అది గురగురమంటూ కళ్ళు తెరవడానికి పదకొండు నిమిషాలు పట్టేది. ఈలోగా లేబుళ్ళక్క బల్ల తుడిచి, ఫ్రిజ్‌లలో చలి ఎంతుందో రాసుకుని, రక్తం సంచులకు అంటించే లేబుళ్ళ చుట్టను సరిచూసుకునేది. ఇరవై రెండేళ్ళుగా లేబుళ్ళు అంటిస్తోంది గనక ఆ పేరు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

కంప్యూటరు పాతది, దాని లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ అంతకన్నా పాతది. మార్చేద్దామంటే ఫ్రిజ్‌ల యంత్రాలు దానితో తప్ప ఇంకొకదానితో మాట్లాడవు. రోజువారీ పనికి ఎవరు కూర్చున్నా అది ఊరుకునేది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే మాత్రం అడ్మినిస్ట్రేటర్‌గా లోపలికి వెళ్ళాలి, అప్పుడది చెయ్యి చూసేది. పాస్‌వర్డు మానిటర్ పక్కనే కాగితం మీద రాసి అతికించి ఉండేది. దాచాల్సిన పనే లేదు. నిజంగా అలసిన చెయ్యి ఆ అక్షరాలు కొడితేనే తెరుచుకునేది, లేకపోతే ‘మీకు అనుమతి లేదు’ అనేది. కొన్ని తలుపులు తోస్తే వస్తాయి, కొన్ని లాగితే వస్తాయి, ఇదీ అంతే అనుకునేవాళ్ళు అందరూ.

తొమ్మిదేళ్ళుగా ఆ చెయ్యి లేబుళ్ళక్కదే. అత్తగారు మంచం పట్టి తొమ్మిదేళ్ళు. భర్త పోయాక ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. తెల్లవారకముందే లేచి ఆవిడ ఒళ్ళు తుడిచి, పుళ్ళు పడకుండా అటూ ఇటూ తిప్పి, నాలుగు ముద్దలు తినిపించి, పక్కింటావిణ్ణి ఓ కన్నేసి ఉంచమని చెప్పి, పరుగున బస్సెక్కేది. ఒళ్ళు హూనమై వచ్చిన మనిషి కావడంతో, పాస్‌వర్డు సగం కొట్టేసరికే యంత్రం దారిచ్చేసేది.

అత్తగారు పోయిన మూడు వారాలకు లేబుళ్ళక్క మళ్ళీ పనిలోకి వచ్చింది. ఆ రోజే, మధ్యాహ్నం కావస్తుండగా, పాత లేబుల్ ప్రింటరు మొరాయించి ఇక లేవలేదు. కొత్తది పెట్టెలోనే ఉంది గానీ, దాని సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే తప్ప పలకదు. సరిగ్గా అప్పుడే ప్రసూతి వార్డు నుంచి ఫోనొచ్చింది. కాన్పయిన మనిషికి రక్తస్రావం ఆగడం లేదు, నాలుగు సంచులు కావాలి. చేత్తో రాసిన లేబులుతో సంచి గడప దాటకూడదని అక్కడ గట్టి నిబంధన. ఒకసారి రాత అర్థంకాక ఒకరి ప్రాణం మీదికొచ్చింది మరి.

లేబుళ్ళక్క డిస్కు పెట్టి, ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కి, ‘అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి’ అన్నదాన్ని ఎంచుకుని పాస్‌వర్డు కొట్టింది. మీకు అనుమతి లేదు. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. అదే మాట.

చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంది. మూడు వారాలుగా ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. పోయిన మనిషి కోసం ఏడ్చిన మాట నిజమే, హాయిగా నిద్రపోయిన మాటా నిజమే. ఆ రెండోది ఎవరికీ చెప్పలేదు, తనలో తను కూడా ఒప్పుకోలేదు. ఇప్పుడా యంత్రం నలుగురిలో బయటపెట్టేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“నా చెయ్యి ఇంక పనికిరాదు. ఎవరైనా కూర్చోండి,” అంది, ఫోను సంగతి విని చుట్టూ చేరినవాళ్ళతో.

రాత్రంతా అంబులెన్స్ నడిపి కళ్ళు చింతనిప్పులైన డ్రైవరు కూర్చున్నాడు. తెరుచుకోలేదు. ఆ యంత్రం లెక్కలో నిద్ర చాలకపోవడం వేరు, ఇంకో మనిషిని మోసే అలసట వేరు. ఇద్దరు పసివాళ్ళ తల్లి అయిన నర్సు కొట్టింది. కాదంది. వాళ్ళమ్మ వచ్చి వారమైందనీ, పిల్లల్ని ఆవిడే చూసుకుంటోందనీ నర్సు నీళ్ళు నములుతూ చెప్పింది.

మిగిలింది సూపర్‌వైజరు. యాభై దాటినా నలగని చొక్కా, చెరగని నవ్వు. వెనకాల అందరూ ఆయన్ని పెళ్ళికొడుకు అనుకునేవాళ్ళు. తిని కూర్చునే ఉద్యోగమనీ, తనకేం అలసటనీ నవ్వేసి, ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. వార్డు నుంచి మళ్ళీ ఫోను మోగింది. లేబుళ్ళక్క కుర్చీ ఆయన వైపు జరిపింది.

ఆయన కూర్చుని ఒంటి వేలితో కొట్టాడు. మూడో అక్షరానికే తెరుచుకుంది.

తెర మీద పచ్చగీత పాకుతూ పోయింది. ఆయన నవ్వు మాత్రం గుమ్మంలో విడిచిన చెప్పుల్లా, మనిషి లేకుండా, మొహం మీదే ఉండిపోయింది.

లేబుళ్ళు వచ్చాయి. లేబుళ్ళక్క అంటించింది, డ్రైవరు సంచులు పట్టుకుని పరిగెత్తాడు. గంట తర్వాత రక్తస్రావం ఆగిందని కబురొచ్చింది. జనం ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. సూపర్‌వైజరు ఆ కుర్చీలోంచి లేవలేదు.

“ఎన్నాళ్ళ నుంచి సార్?” అంది లేబుళ్ళక్క, గొంతు తగ్గించి.

“ఆరేళ్ళు.”

కొడుకు బండి మీంచి పడ్డాడట. మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. భార్యా తనూ వంతులేసుకుని చూసుకుంటున్నారు. ఆఫీసులో ఎందుకు చెప్పలేదంటే, ఇక్కడైనా కాసేపు ఎవరూ జాలిగా చూడకూడదని.

లేబుళ్ళక్క జాలి పడలేదు. “అబ్బాయిని పక్కకి తిప్పేటప్పుడు భుజం పట్టుకుంటారా, దుప్పటి పట్టుకుంటారా?” అని అడిగింది.

“భుజం.”

“అందుకే మీ నడుం పోయుంటుంది. కింద మడత దుప్పటి వేసి, దాన్ని పట్టుకుని తిప్పాలి.”

ఎలా మడవాలో, ఏ మోకాలు ముందు వంచాలో చేతులతో చూపిస్తూ చెప్పుకుపోయింది. కాసేపటికి చూస్తే ఆయన తల పక్కకి వాల్చి నిద్రపోయి ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చొక్కా నలుగుతోంది.

బల్ల మీద ఆయన ఫోను మోగింది. నిద్ర చెడుతుందని లేబుళ్ళక్కే గబుక్కున తీసింది. ఆయన భార్య.

“ఆయన పనిచేసేచోటి మనిషినమ్మా. కాస్త కన్ను మూతపడింది. లేపమంటారా?”

“వద్దు, లేపకండి,” అంది భార్య. “పిల్లాణ్ణి తిప్పే వేళైందని చేశాను. ఎలాగో ఒక్కదాన్నే తిప్పుకుంటాను.”

లేబుళ్ళక్క గోడ గడియారం చూసింది. పొద్దుటి డ్యూటీ ముగిసి పావుగంట దాటింది. ఇంటికి పోయి చేసేదేమీ లేదు. భుజానికి సంచి తగిలించుకుంది.

“ఒక్కరే తిప్పకండి,” అంది. “ఏ బస్సెక్కాలో చెప్పండి.”